డమ్మీ పల్లవి

పాటలు తయారయ్యే చోట ఒక పద్ధతి ఉంది. ముందు బాణీ పుడుతుంది, మాటలు తర్వాత తీరిగ్గా వస్తాయి. ఆ మాటలు వచ్చేదాకా ఒట్టి బాణీ వినిపిస్తే దర్శకుడికి సగం అర్థమవుతుంది, నిర్మాతకు అసలే అర్థం కాదు. అందుకని ఎవరో ఒకరి చేత నోటికొచ్చిన మాటలు పెట్టి పాడించి ఉంచుతారు. దాన్ని డమ్మీ అంటారు. బస్సులో మనవాళ్ళు ఎక్కేదాకా సీటు మీద చేతిరుమాలు వేసి ఉంచుతామే, అదే పని. అసలు మనిషి రాగానే రుమాలు తీసి జేబులో పెట్టుకుంటాం. రుమాలుకు టికెట్టు ఎవరూ కొట్టరు.

ఆ రుమాలు వేసే ఉద్యోగం ఆవిడది. యాభై దాటిన మనిషి. గొంతు ఎంత మంచిదంటే, పేరున్న గాయనులు ఆవిడ పాడింది విని ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా నేర్చుకుని పోయేవాళ్ళు. ఆ తర్వాత ఆవిడ గొంతు చెరిపేసి వాళ్ళ గొంతు ఎక్కించేవాళ్ళు. స్టూడియోలో అందరూ ఆవిడను డమ్మీ అక్క అనేవాళ్ళు. ప్రేమగానే అనేవాళ్ళు. ప్రేమగా పిలిచినంత మాత్రాన ఆ మనిషికి అసలు పేరొకటి ఉందని గుర్తున్నట్టు కాదు.

డమ్మీకి ఆవిడ ఏ మాటలు పెట్టేదని అడగండి. చేతికేది దొరికితే అది. ఒకసారి విరహగీతం బాణీకి కరెంటు బిల్లు మీద ఉన్న సూచనలన్నీ పాడేసింది. ఇంకోసారి వీరావేశంగా సాగే బాణీకి పై వాటా వాళ్ళ నీళ్ళ ట్యాంకు పొంగిపోతోందని పాడితే, సంగీత దర్శకుడు, అందరూ మాస్టారు అనే ఆయన, కడుపు పట్టుకుని నవ్వాడు. "అక్కా, నువ్వు కవివి కాకుండా పోయావు గానీ," అనేవాడు. ఆవిడ కూడా నవ్వేది. ఇంటికెళ్ళే దారిలో మాత్రం ఆ మాట మళ్ళీ గుర్తొచ్చేది. ఏదో ఒక పాట కింద, ఎంత చిన్న అక్షరాల్లోనైనా సరే, తన పేరు ఒక్కసారి చూసుకోవాలని ఆవిడకు కోరిక. ఎవరితోనూ అనలేదు. అంటే వాళ్ళు జాలిగా చూస్తారని భయం.

చేరిన కొత్తలో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. కుర్చీ కూడా వేయకుండా, స్పీకరు పెట్టె మీద కాగితం పరిచి, అక్కడా ఇక్కడా వేలు చూపించారు. ఆవిడ చదవకుండానే చేసేసింది. నకలు ఇంటికి తెస్తే మొగుడు చదివాడు.

ఆయన బస్టాండులో అనౌన్సరు. గాజు గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆయన పని. ఊళ్ళ పేర్లు ఆయన నోట వింటే, వెళ్ళే పని లేనివాళ్ళకు కూడా ఎక్కి కూర్చోవాలనిపించేది. ఊరందరికీ ఆ గొంతు తెలుసు, మొహం ఒక్కరికీ తెలియదు. భాష దగ్గర మహా పట్టింపు మనిషి. ఆవిడ తొందరలో ఒక మాటకు ఇంకో మాట అంటే వదిలేవాడు కాదు, సరిదిద్దేదాకా కాఫీ ముట్టేవాడు కాదు. ఆ రోజు ఆ నకలు చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని, సరిగ్గా బస్టాండులో చదివినట్టే చదివాడు.

"ఈ గదిలో కళాకారిణి పాడినదీ, పలికినదీ, కూనిరాగం తీసినదీ, ఇక ముందు కనిపెట్టబోయే ఏ యంత్రంలోనైనా సరే, శాశ్వతంగా సంస్థ సొత్తు. పేరు వేయమని అడిగే హక్కు కళాకారిణికి ఉండదు. ప్రయాణికులు గమనించగలరు."

"ప్రయాణికులు అని లేదు కదండీ అందులో?"

"ఉండాల్సింది. ఎక్కేశావుగా, ఇంక దిగడానికి లేదు. ఆ గదిలో నువ్వు తుమ్మినా అది వాళ్ళదేనోయ్. జలుబు చేసినప్పుడు మాత్రం వెళ్ళకు, నష్టపోతావు."

ఇద్దరూ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నారు. పిల్లలు లేని ఇల్లు. ఇద్దరి నవ్వుతోనే నిండిపోయేది.

తర్వాత చాలా ఏళ్ళకు ఆయనకు పక్షవాతం వచ్చింది. చేతికి తగిలిన దెబ్బ కొంత తగ్గింది, నోటికి తగిలింది తగ్గలేదు. అలాగని నోరు పడిపోలేదు. పడిపోయినా కాస్త నయంగా ఉండేదేమో. చేయాల్సిన పనులకు మాటలు మిగిలాయి, వస్తువుల పేర్లు మాత్రం చెల్లాచెదురైపోయాయి. ఒకదాని పేరు ఇంకోదానికి వెళ్ళి కూర్చుంది. జీవితమంతా ఏ బస్సు ఎక్కడ నిలబడాలో తప్పు పోకుండా చెప్పిన మనిషికి ఆ గతి పట్టింది. దేవుడనేవాడు ఉంటే, వాడి హాస్యం చాలా నీచమైనది.

కిటికీ లోంచి చలిగాలి కొడుతుంటే, "ఊరు మూసెయ్యి," అనేవాడు. చీకటి పడితే, "ఉదయం వెయ్యి," అనేవాడు. దాహమేస్తే, "గ్లాసులో కాస్త నిద్ర పొయ్యి," అనేవాడు. మరి కిటికీ అన్న మాట ఏమైందంటే, అది ఆవిడకు పేరుగా వచ్చింది. బయటి నుంచి వచ్చి తాళం తీస్తే చాలు, లోపలి గదిలోంచి, "కిటికీ వచ్చిందా?" అని వినిపించేది.

"కిటికీ కాదండీ, నేను," అనేది ఆవిడ చెప్పులు విప్పుతూ.

మాట నేర్పే డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "తప్పు మాట అన్నప్పుడల్లా తప్పని చెప్పాలి. సరైన మాట చెప్పించాలి. జాలిపడి ఊరుకున్నారంటే ఆ తప్పే పాతుకుపోతుంది. ఇద్దరి మాటలూ ఫోన్లో రికార్డు చేసి నాకు పంపుతూ ఉండండి." ఆవిడ బుద్ధిమంతురాలైన విద్యార్థిలా అన్నీ చేసింది. తప్పు, తప్పు, తప్పు అంటూనే పొద్దు గడిచేది. ఆయన మాత్రం రికార్డు చేస్తోందని తెలిస్తే మంచి చేత్తో ఫోను మూసేసేవాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే దుప్పటి మొహం మీదికి లాక్కుని నిద్ర నటించేవాడు. ఆ మాటలు నలుగురి చెవిన పడటం ఆయనకు చావుతో సమానం. ఆవిడకు ఆ సంగతి నోటితో చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మాస్టారు ఫోను చేసి, పనుంది, వచ్చి వెళ్ళమన్నాడు. పక్కింటావిడను కాస్త కనిపెట్టి ఉండమని చెప్పి ఆవిడ పరుగున వెళ్ళింది. బాణీ నెమ్మదైనది, ఎవరో వీపు నిమురుతున్నట్టుంది. మైకు ముందు నిలబడితే మెదడులో ఒక్క మాట లేదు. కరెంటు బిల్లు లేదు, నీళ్ళ ట్యాంకు లేదు. పొద్దున్నుంచీ ఇంట్లో విన్న మాటలే నాలుక మీద ఉన్నాయి. అవే పాడింది.

ఊరు మూసెయ్యి, ఉదయం వెయ్యి, గ్లాసులో కాస్త నిద్ర పొయ్యి.

కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోయాయి. గాజు అద్దం అవతల మాస్టారు నవ్వలేదు. ఆవిడ ఇంకోసారి పాడి, మొగుడికి మందు వేసే వేళైందని ఇంటికి పరుగెత్తింది.

తర్వాత జరిగింది ఆవిడకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెద్ద పేరున్న కవిగారు ఆ బాణీకి పల్లవి మీద పల్లవి రాసిచ్చారట. దర్శకుడు అన్నీ విని, "ఏమోనండీ, ఆ డమ్మీయే బాగుంది," అన్నాడట. కవిగారు చరణాలు రాశారు, డమ్మీ పల్లవి అలాగే ఉండిపోయింది. అసలు మనిషి వచ్చాక కూడా రుమాలే సీటులో కూర్చుండిపోయింది. అయితే టికెట్టు మాత్రం కవిగారి పేరు మీద కొట్టారు.

పాట బయటికి వచ్చేసరికి ఆవిడ మొగుడు లేడు. వానాకాలంలో, తెల్లవారేసరికి, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా పోయాడు. ఇల్లు ఉన్నట్టుండి పెద్దదైపోయింది. ఆవిడ ఒక్కతే వంట చేసుకుని ఒక్కతే తినేది, కంచం కడిగేటప్పుడు చప్పుడు చేసేది. చప్పుడు లేకపోతే తనకు చెవులున్నాయో లేవో తెలిసేది కాదు. సెలవు రోజున బస్టాండుకు వెళ్ళి సిమెంటు బల్ల మీద కూర్చునేది. ఆయన పాత రికార్డులే అక్కడ ఇంకా మోగుతున్నాయి. ఒక్క పేరు కూడా తప్పకుండా, ఏ బస్సు ఎక్కడో చెబుతూనే ఉన్నాడు. అందరూ సంచులు పట్టుకుని లేచి పరిగెత్తేవాళ్ళు. ఆవిడ కూర్చునే ఉండేది.

అలా బస్టాండు నుంచి తిరిగొస్తుంటే సిటీ బస్సులో డ్రైవరు రేడియో పెట్టాడు. ఊరు మూసెయ్యి అంటూ ఎవరో అమ్మాయి పాడుతోంది. ముందు సీటులో కాలేజీ పిల్లలు, పక్కన కూరగాయల సంచీతో ఒకాయన, అందరూ గొంతు కలుపుతున్నారు. మొగుడు మొహం మీద దుప్పటి లాక్కుని దాచుకున్న మాటలు బస్సు బస్సంతా పాడుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ ముందు స్టాపులోనే దిగిపోయింది.

ఆ వారమే టీవీలో కవిగారు కనిపించారు. ఈ అద్భుతమైన పల్లవి మీకెలా తట్టిందని అడిగితే, కవిగారు కళ్ళు అరమూసి చెప్పారు. ఒక వెన్నెల రాత్రి డాబా మీద పచార్లు చేస్తుంటే లోకపు రణగొణధ్వని మీద విరక్తి కలిగిందట. ఆ ధ్వనిని మూసేయాలనే ఆర్తిలోంచి ఊరు మూసెయ్యి వచ్చిందట. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెన్నెలేమిటి, విరక్తేమిటి? అది వీధివైపు కిటికీ, గడియ సరిగ్గా పడదు, కింద మురిక్కాలువ వాసన. "నీ డాబా మండిపోను," అని టీవీని తిట్టి కట్టేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫిర్యాదు రాసి రచయితల సంఘానికి పట్టుకెళ్ళింది. పల్లవి నాది, నా పేరు వేయించండి, అంతే రాసింది.

నాది అని రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగిందే గానీ రాసేసింది. ఆ మాటలు ఎంచుకున్నదెవరు? బాణీలో పొదిగిందెవరు? ఇన్నేళ్ళు గాలిలో కలిసిపోయిన గొంతెవరిది? ఇంతకాలానికి ఒక్క పాటైనా తనది అనుకుంటే తప్పా? అలా తనకు తానే సర్ది చెప్పుకుంది.

తిరగగా తిరగగా ఏడాదికి విచారణకు పిలిచారు. సంఘం ఆఫీసులో పొడవాటి బల్ల, గోడల నిండా పోయిన కవుల ఫొటోలు, తిరిగినప్పుడల్లా కిర్రుమనే ఫ్యాను. అధ్యక్షుడు చెవిలో మిషను పెట్టుకున్న ముసలాయన. ఒకప్పుడు ఆయనా పాటలు రాసినవాడే. ఒక వైపు మాస్టారు, కవిగారు, స్టూడియో సంస్థ లాయరు. ఇంకో వైపు ఆవిడ, పక్కన ఖాళీ కుర్చీ మీద ఆవిడ చేతిసంచీ.

డమ్మీ ఎవరు పాడారని అధ్యక్షుడు మాస్టారును అడిగాడు. మాస్టారు నీళ్ళు నమిలాడు. "అక్కే పాడింది. కానీ డమ్మీ అంటే ఇక మామూలే కదండీ," అన్నాడు బల్లకేసి చూస్తూ.

లాయరు మాత్రం ఎంతో మర్యాదగా లేచాడు. "అయ్యా, మేం కాదనడం లేదు. పల్లవి మాటలు ఈ అమ్మగారివే. ఒప్పుకుంటున్నాం." ఆవిడ తల ఎత్తి చూసింది. ఆయన ఆ కాగితం తీశాడు. "ఆవిడవే కాబట్టి మావి. గదిలో పలికింది సంస్థ సొత్తు, పేరు అడిగే హక్కు లేదు. ఇదిగో సంతకం. మా సొత్తు కింద మేం ఎవరి పేరైనా వేసుకుంటాం."

తుమ్మినా వాళ్ళదే. మొగుడి హాస్యం గుర్తొచ్చి ఆవిడకు నిజంగానే నవ్వొచ్చింది, వచ్చి మధ్యలోనే పోయింది. నావి అంటే వాళ్ళవైపోతాయి. ఏడాదిగా కాళ్ళరిగేలా తిరిగింది తన మెడకు తానే ఉరి బిగించుకోవడానికా?

అధ్యక్షుడు చెవి మిషను సర్దుకుని ఆవిడ వైపు వంగాడు. "ఒక మాట అడుగుతానమ్మా. ఊరు మూసెయ్యి, ఉదయం వెయ్యి. అలాంటి మాట ఎవరికైనా ఊరికే నోటికి రాదు. అది ఆ గదిలోనే పుట్టిందా?"

"లేదండి. మా ఇంట్లో."

"ఎవరన్నారు?"

ఆవిడ పక్క కుర్చీలోని చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుంది. ఫ్యాను కిర్రుమంటూనే ఉంది.

"వేరేవాళ్ళ మాటైతే, వేరేచోట పుట్టుంటే, ఈ కాగితం దాన్ని పట్టుకోలేదమ్మా. ఈయన సంతకం తీసుకున్నది మీ దగ్గర, వాళ్ళ దగ్గర కాదు. అయితే అప్పుడు మీ పేరు రాదు, వాళ్ళ పేరే వస్తుంది. రుజువుంటే వచ్చే వారం పట్టుకురండి."

రుజువు ఆవిడ చేతిసంచీలోనే, ఫోన్లోనే ఉంది. మొగుడు పోయాక ఒక్కసారి కూడా వినలేదు. వినే ధైర్యం లేదు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక వదినకు, అంటే ఆయన అక్కగారికి ఫోను చేసింది. ఆవిడ యోగక్షేమాలు అడిగే మనిషంటూ మిగిలింది ఈ లోకంలో ఆ వదిన ఒక్కర్తే. వదిన సంగతంతా వింది.

"వాడి మాట ఎలాంటిదో ఊరందరికీ తెలుసమ్మాయ్," అంది. "బస్టాండుకెళ్తే ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ గొంతు చాలు లోకానికి. మంచాన పడి పిచ్చి పిచ్చిగా మాట్లాడింది నలుగుర్నీ కూర్చోబెట్టి వినిపిస్తావా? నా ముందు కూడా నోరు విప్పలేదు వాడు. సొంత అక్కను, నా ముందే దుప్పటి కప్పుకున్నాడు."

"ఆయన పేరొస్తుంది వదినా."

"పేరెవడికి కావాలి? పరువు పోయాక పేరు దేనికి? నీకు పాటల పిచ్చి ముందు నుంచీ ఉంది. దానికి వాణ్ణి బలిపెట్టకు. అంత పని చేశావంటే మాత్రం నాకు ఇంక ఫోను చెయ్యకు, చెబుతున్నా."

వదిన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆవిడను కోసింది. ఇంకో సంగతి కూడా ఉంది, అది వదినకు చెప్పలేదు, తనకు తాను చెప్పుకోవడానికే సిగ్గేసింది. ఆయన పేరు వస్తే తన పేరు ఇక రాదు. చచ్చి ఎక్కడున్నాడో గానీ, మొగుడి మీద ఆవిడకు ఆ క్షణాన అసూయ కలిగింది. నీకు ఊరంతా తెలిసిన గొంతు ఉండనే ఉంది, ఈ ఒక్కటీ కూడా నీకే కావాలా, అని గోడ మీది ఫొటోను అడిగింది. ఫొటో ఎప్పట్లాగే, ఇప్పుడే గొంతు సవరించుకోబోతున్నట్టు చూసింది.

ఆ వారమంతా వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి తిరిగింది. ఎవరినైనా అడుగుదామంటే ఎవరున్నారు? ఊరుకుంటే మాటలు కవిగారి డాబాకు పోతాయి, ఆయన విరక్తికి పోతాయి. దాహం వేసిన మనిషి అడిగిన మాట అది. దాన్ని తీసుకెళ్ళి వెన్నెల్లో ఆరేస్తారా?

విచారణ రోజున మళ్ళీ అవే కుర్చీలు, అదే ఫ్యాను. ఆవిడ ఫోను తీసి బల్ల మధ్యలో పెట్టింది. "ఒక్కసారే వినిపిస్తాను," అంది. వేలితో నొక్కింది.

ముందు కుర్చీ జరిపిన చప్పుడు, దూరంగా బస్సు హారను. తర్వాత ఆయన. బస్టాండులో వినిపించే గొంతు కాదు. తడుముకుంటూ, మెట్టు మీద మెట్టు వెతుక్కుంటూ దిగే మనిషి గొంతు.

"ఊరు మూసెయ్యి."

"తప్పు." అది ఆవిడ గొంతు. గట్టిగా, బళ్ళో పంతులమ్మలా. "ఊరు కాదు. ఏంటది? చెప్పండి."

"ఊరు. చలి."

"కిటికీ. అనండి, కిటికీ."

"కిటికీ... నువ్వు."

"నేను కిటికీ ఏంటండీ? తప్పు."

"ఉదయం వెయ్యి."

"తప్పు. లైటు."

"గ్లాసులో కాస్త నిద్ర పొయ్యి."

"తప్పు. నీళ్ళు. నీళ్ళంటేనే ఇస్తాను."

మళ్ళీ ఆయన, ఈసారి బతిమాలుతున్నట్టు, "నిద్ర," అన్నాడు.

"నీళ్ళు అనండి."

"నిద్ర."

ఆ తర్వాత రికార్డులో మాటలు లేవు. గ్లాసులో నీళ్ళు పోస్తున్న చప్పుడు మాత్రం వచ్చింది. గ్లాసు నిండేదాకా వచ్చింది.

ఆవిడ ఫోను కట్టేసింది. ఆ నీళ్ళ సంగతి ఆవిడకు అసలు గుర్తులేదు. తప్పు తప్పన్నదే గుర్తుండిపోయి, ఇన్నాళ్ళూ అందుకే వినలేకపోయింది.

లాయరు గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షులవారు గమనించాలి. ప్రతి వాక్యానికీ ఈ అమ్మగారే తప్పంటున్నారు. తప్పులకు కూడా రచయితలుంటారా?" తన చమత్కారానికి తనే కొంచెం నవ్వాడు. ఎవరూ నవ్వు కలపకపోయేసరికి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అవునండీ, తప్పన్నాను," అంది ఆవిడ. "డాక్టరమ్మ అనమంది, అన్నాను. తర్వాత మీరంతా ఒప్పన్నారు. దేశమంతా ఒప్పంది. నాకే ఆలస్యంగా తెలిసింది."

"అయితే ఇవి మీ మాటలు కావు?" అడిగాడు అధ్యక్షుడు.

ఏడాదిగా నావి, నావి అని తిరిగిన నోరు. ఆ నోటితోనే చెప్పాలి.

"కావండి. మా ఆయనవి."

కవిగారు అంతవరకూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. ఇప్పుడు మెల్లగా, "ఇంకొక్కసారి వినచ్చా?" అన్నారు. ఆవిడ ఫోను చేతిసంచీలో వేసుకుని జిప్పు లాగేసింది. ఆయన ఇంకేమీ అడగలేదు. బల్ల మీది కాగితం తన వైపు జరుపుకుని, పల్లవి నాది కాదని రాసి సంతకం చేశారు. పెద్దమనిషి అనుకోవాలా, దొరికిపోయాక చేశాడనుకోవాలా? ఆవిడకు తేలలేదు, తేల్చుకునే ఓపికా లేదు. బయటికి వస్తుంటే మెట్ల దగ్గర మాస్టారు ఎదురుపడ్డాడు. "అక్కా," అన్నాడు. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వదినకు ఆవిడే ఫోను చేసి చెప్పింది, దాచడం చేతకాక. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. స్టూడియో నుంచి కూడా పిలుపులు ఆగిపోయాయి. డమ్మీలకు ఎవరో కొత్తమ్మాయి వచ్చిందని, బాగానే పాడుతుందని తెలిసింది.

సంఘం చెప్పాక పాట కింద పేరు మారిన రోజు ఆవిడ బస్టాండు నుంచి వస్తూ సిటీ బస్సులో ఉంది. ఫోన్లో పాట తెరిచి చూసింది, రోజూ చూస్తున్నట్టే. సంగీతం మాస్టారు. చరణాలు కవిగారు. ఆ పైన ఇంకో వరుస కొత్తగా ఉంది. పల్లవి అని రాసి, ఆయన పేరు, ఇంటిపేరుతో సహా. ఆవిడ వేలితో తెర మీద ఆ పేరును తడిమింది. తగిలేసరికి పాట మొదలైపోయింది.

ఈ మాట ఎవరికో ఒకరికి చెప్పకపోతే ప్రాణం పోయేలా ఉంది. పక్క సీటులో ఎవరో ఒకావిడ, ఒళ్ళో ఆఫీసు సంచీ పెట్టుకుని కునుకు తీస్తోంది. "ఇదిగోనమ్మా, ఈ పాట పల్లవి మా ఆయనది," అంది ఆవిడ.

పక్క సీటావిడ కళ్ళు తెరిచి మర్యాదగా చూసింది. "అవునా అండీ! చాలా బాగుంటుంది. ఇంకా ఏం పాటలు రాశారు?"

"పాటలేం రాయలేదు. ఊళ్ళ పేర్లు చెప్పేవారు."

పక్క సీటావిడ తలాడించి, సంచీ కాస్త దగ్గరికి లాక్కుని, తన స్టాపు రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. తాళం తీసి చెప్పులు విప్పింది. పొద్దున గడియ సరిగ్గా పడనట్టుంది, వీధివైపు కిటికీ తెరుచుకుని ఉంది. చలిగాలీ, హారన్లూ, మురిక్కాలువ వాసనా అన్నీ లోపలే ఉన్నాయి. వెళ్ళి ఊరు మూసేసింది. గోడ తడుముకుని ఉదయం వేసింది. గ్లాసులో కాస్త నిద్ర పోసుకుని ఒక గుక్క తాగింది. అప్పటికి గానీ తను ఏ మాటల్లో అనుకుంటోందో ఆవిడకు తెలియలేదు.

లోపలి గది తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడింది. మంచం మీద దుప్పటి మడత పెట్టినట్టే ఉంది. లోపలి నుంచి ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపు చూసి, తనే చెప్పింది.

"కిటికీ వచ్చింది."

తప్పని ఎవరూ అనలేదు.